గ్యాస్కెట్ కొనేముందు హెడ్డు కొలవండి: కారు ఇంజిన్‌లో ఎక్కడ ఏ మెటీరియల్

విజయవాడ ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ కౌంటరు దగ్గర కాసేపు నిలబడితే వినపడే మాట ఒకటుంది: "ఖర్చయినా ఫర్లేదు, గట్టి ప్యాకింగ్ ఇవ్వండి." చిక్కంతా ఈ మాటలోనే ఉంది. ఇంజిన్ ప్యాకింగుల్లో, అంటే రెండు భాగాల మధ్య పెట్టి లీకు ఆపే గ్యాస్కెట్లలో, ఇది గట్టిది, ఇది నాసిది అని ఒకే వరస లేదు. నున్నటి హెడ్డు (సిలిండర్లను పైనుంచి మూసే భాగం) మీద లక్షల కిలోమీటర్లు నిలిచే స్టీలు గ్యాస్కెట్, గీతలున్న హెడ్డు మీద నెల తిరక్కుండానే నీళ్ళు వదలొచ్చు. అదే గీతల హెడ్డు మీద గ్రాఫైట్ గ్యాస్కెట్ చక్కగా కూర్చుంటుంది. కాబట్టి ముందు విప్పిన మెటల్‌ని కొలవాలి, ఆ తర్వాతే గ్యాస్కెట్ బేరం.

మెటీరియల్‌ని తేల్చేవి నాలుగు విషయాలు. ఆ జాయింటు లోపల ఉన్నది ఆయిలా, కూలెంటా, పెట్రోలా, సైలెన్సర్ వైపు వెళ్ళే పొగా? అక్కడ వేడి ఎంత? పీడనం ఎంత, రెండు భాగాలూ ఒకదాని మీద ఒకటి ఎంత జరుగుతాయి? కూర్చునే రెండు ముఖాలూ ఎంత చదునుగా, ఎంత నున్నగా ఉన్నాయి? మొదటి మూడింటికి జవాబు కారు కంపెనీ ఎప్పుడో ఇచ్చేసింది. పాత గ్యాస్కెట్ ఏ రకమో చూస్తే తెలిసిపోతుంది. నాలుగోదానికి మాత్రం బల్ల మీద ఉన్న మీ ఇంజినే జవాబు చెప్పాలి.

అందుకే విప్పిన పాత గ్యాస్కెట్‌ని చింపి పారేయొద్దు. పని పూర్తయ్యేదాకా దాచండి. రెండు సిలిండర్ల మధ్య సన్నని పట్టీ దగ్గర నల్లగా కాలిపోయి ఉంటే అక్కడ బిగింపు తగ్గిందని, లేదా హెడ్డు వంగిందని అర్థం. నీళ్ళ రంధ్రం నుంచి బోరు, అంటే పిస్టన్ తిరిగే సిలిండర్ రంధ్రం, దాకా తుప్పు చార కనిపిస్తే లీకు దారి అదే. ఒక చివర బోల్టుల చుట్టూ అచ్చు బలంగా పడి, రెండో చివర పడీపడనట్టు ఉంటే బిగింపు వరస తప్పింది. కొత్తది కొన్నాక రంధ్రాలు సరిచూసుకోవడానికి కూడా ఇదే నమూనా.

హెడ్ గ్యాస్కెట్: స్టీలా, గ్రాఫైటా

దీని మీద పడే భారం ముందు తెలుసుకోవాలి. స్విఫ్ట్, డిజైర్, ఇండికా విస్టా లాంటి కార్లలో వచ్చిన 1248 సీసీ డీజిల్ ఇంజిన్‌లో బోరు వ్యాసం 69.6 మిల్లీమీటర్లు. డీజిల్ మండే క్షణంలో సిలిండర్ లోపలి పీడనం 160 బార్ అనుకుంటే, ఆ ఒక్క సిలిండర్ దగ్గరే హెడ్డుని పైకి తోసే బలం ఆరు టన్నుల పైమాట. పెట్రోలు ఇంజిన్‌లో పీడనం ఇందులో సగం, అంతకంటే తక్కువే ఉండొచ్చు. అయినా పని అదే.

రెండో భారం కంటికి కనిపించనిది. అల్యూమినియం హెడ్డు, దాని కింద సిలిండర్లుండే పోత ఇనుము బ్లాకు కలిసి వేడెక్కినా సమానంగా పెరగవు. 400 మిల్లీమీటర్ల పొడవున్న హెడ్డు 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు వెళ్తే సుమారు 0.64 మిల్లీమీటరు సాగుతుంది. అదే పొడవున్న ఇనుప బ్లాకు 0.31 సాగుతుంది. తేడా మిల్లీమీటరులో మూడో వంతు. ఇంజిన్ చల్లారి మళ్ళీ వేడెక్కిన ప్రతిసారీ గ్యాస్కెట్ ఆ మేర రాపిడి తింటుంది. ఇంజిన్ బాగా హీటయిన రోజున ఈ రాపిడి ఇంకా ఎక్కువ.

ఈ రెండింటినీ తట్టుకోవడానికి ఇప్పటి కార్లలో ఎక్కువగా వేసేది ఎంఎల్ఎస్, అంటే పొరల స్టీలు గ్యాస్కెట్. మూడు నుంచి ఐదు స్ప్రింగు స్టీలు రేకులు, బోరు చుట్టూ, నీళ్ళ రంధ్రాల చుట్టూ ఉబ్బెత్తు గట్లు, పైన సన్నటి రబ్బరు పూత. గట్లు స్ప్రింగులా పనిచేస్తాయి: హెడ్డు రవ్వంత లేచినా గట్టు కూడా లేచి సందు మూస్తుంది. రబ్బరు పూత పని వేరు. మెటల్ మీద కంటికి ఆనని గీతల్ని అది పూడుస్తుంది. కానీ ఆ పూత మందం తల వెంట్రుకలో సగం కూడా ఉండదు. గీత లోతు పూతను మించితే నీళ్ళకు దారి దొరికినట్టే. కాబట్టి ఎంఎల్ఎస్ వేయాలంటే ముఖం సగటు గరుకుదనం (ఆర్ఏ అంటారు) సుమారు 0.8 మైక్రాన్, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు లెక్కన, దగ్గర ఉండాలి, ఎంత పెరిగినా 1.2 దాటకూడదు.

కాంపోజిట్ గ్యాస్కెట్ స్వభావం వేరే. మధ్యలో ముళ్ళు తేలిన స్టీలు రేకు, రెండు వైపులా గ్రాఫైట్ లేదా ఫైబరు, బోరు చుట్టూ స్టీలు రింగు. మెత్తటి ముఖం కనుక గీతల్లోకి ఒదుగుతుంది. 1.5 నుంచి 2.5 మైక్రాన్ల గరుకు దీనికి ఇబ్బంది కాదు. పైగా ముఖం మరీ అద్దంలా ఉంటే పట్టు దొరక్క జారుతుంది. దీని లోటు ఏమిటంటే కాలం గడిచేకొద్దీ నలిగి పలచబడుతుంది, బోల్టు బిగువు తగ్గుతుంది. ఎక్కువ పీడనం ఉండే టర్బో డీజిల్‌లో ఇది తట్టుకోలేదు.

ఇప్పుడు తేల్చుకోవడం సులువు. కారుకి కంపెనీ నుంచి వచ్చింది ఎంఎల్ఎస్ అయితే ఎంఎల్ఎస్ వేయండి, కానీ ముఖాలు దానికి తగ్గట్టు చేయించండి. కంపెనీ నుంచి కాంపోజిట్ వచ్చిన పాత మోడల్ అయితే కాంపోజిట్ వేయండి. ఎంఎల్ఎస్‌కి మార్చాలంటే హెడ్డుతోపాటు బ్లాకు ముఖం కూడా అంత నున్నగా రావాలి. ఇంజిన్ దించకుండా బ్లాకు ముఖాన్ని అలా తేవడం దాదాపు అసాధ్యం. టర్బో డీజిల్‌కి ఎంఎల్ఎస్ బదులు కాంపోజిట్ వేసి గడుపుదామనుకోవడం మాత్రం తప్పు.

రాగి గ్యాస్కెట్ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే "రాగిది వేస్తే జన్మలో పోదు" అనే నమ్మకం ఇంకా ఉంది. రాగి మంటను బాగా ఆపుతుంది, నీళ్ళనీ ఆయిల్‌నీ దానంతటది ఆపదు. రోజూ తిరిగే కారుకి అది పనికిరాదు. రాగి వాషర్లు వేరు: డీజిల్ ఇంజెక్టర్ కింద, కొన్ని కార్లలో డ్రెయిన్ ప్లగ్గు కింద అవి సరైనవే. ఒకసారి నలిగిన రాగి గట్టిపడుతుంది, రెండోసారి ఒదగదు. ఇంజెక్టర్ వాషర్ని మళ్ళీ వాడితే పొగ పైకి తన్ని, ఇంజెక్టర్ చుట్టూ తారులాంటి నల్లటి బొగ్గు గడ్డకడుతుంది. తర్వాత ఇంజెక్టర్ ఊడిరాక హెడ్డే దించాల్సి వస్తుంది. ఎంతో చవకైన ఈ వాషర్ విషయంలో పొదుపు వద్దు.

హెడ్డు కొలిచే పద్ధతి

ఇంజిన్ పూర్తిగా చల్లారాకే హెడ్డు బోల్టులు వదులు చేయాలి. వేడి మీద విప్పితే బాగున్న హెడ్డు కూడా వంగుతుంది. చివరి బోల్టుల నుంచి మధ్యకు, రెండు మూడు విడతల్లో వదలండి.

ముఖం శుభ్రం చేసేటప్పుడు అల్యూమినియం మీద ఇనుప బ్లేడుతో చెక్కొద్దు. ప్లాస్టిక్ స్క్రేపర్, గ్యాస్కెట్ రిమూవర్ ద్రావకం, ఓపిక చాలు. గ్రైండరుకి గరుకు బిళ్ళ తగిలించి తోమడం ఆటోనగర్‌లోనే కాదు, గుంటూరులోనూ చూస్తాం. రెండు నష్టాలు. మెత్తటి అల్యూమినియంలో చేతికి తెలియని గుంటలు పడతాయి. బిళ్ళ నుంచి రాలిన రాపిడి పొడి ఆయిల్ దారుల్లోకి దిగి క్రాంక్ బేరింగుల్ని తినేస్తుంది. హెడ్డు వేసిన కొద్ది రోజులకే కింద నుంచి కొట్టుడు శబ్దం వస్తే అనుమానించాల్సిన వాటిలో ఇదొకటి.

శుభ్రమయ్యాక మంచి స్ట్రెయిట్ ఎడ్జ్ (నిక్కచ్చిగా తిన్నగా ఉండే పట్టీ), ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచటి రేకులు) తీసుకోండి. సాధారణ స్కేలు పనికిరాదు. పొడవు వెంట రెండు అంచుల్లో, అడ్డంగా రెండు చివర్లలో, మూల నుంచి మూలకు రెండు వాలుల్లో, ఇలా ఆరు చోట్ల ఆనించి చూడాలి. నాలుగు సిలిండర్ల చిన్న కారుకి 0.05 మిల్లీమీటరు రేకు ఎక్కడా దూరకూడదు. మీ కారు మాన్యువల్లో వేరే అంకె ఉంటే దానిదే తుది మాట. తర్వాత ఇదే కొలత బ్లాకు మీద కూడా. హెడ్డుకి ఫేసింగ్ కొట్టించి, అంటే మిషను మీద ముఖం చదును చేయించి, బ్లాకును వదిలేయడం మన దగ్గర అతి మామూలు తప్పు. గ్యాస్కెట్‌కి రెండు ముఖాలున్నాయి.

నీళ్ళ రంధ్రాల అంచులు ప్రత్యేకంగా చూడండి. ఏళ్ళ తరబడి కూలెంట్ బదులు బోరుబావి నీళ్ళు పోసిన కార్లలో అల్యూమినియం అక్కడ తినేసి గుంటలు పడుతుంది. గుంట గ్యాస్కెట్ గట్టు కూర్చునే చోటు దాకా వచ్చిందంటే ఏ మెటీరియలూ దాన్ని ఆపలేదు. వెల్డింగు పెట్టించి ఫేసింగ్ చేయించాలి, లేదా హెడ్డు మార్చాలి. హీటయిన హెడ్డయితే ఫేసింగుకి ముందే వేడి నీళ్ళ తొట్టిలో గాలి పెట్టి పగులు పరీక్ష చేయించండి. పగిలిన హెడ్డుకి ఫేసింగ్ కొట్టిస్తే ఆ డబ్బు వృథా.

ఫేసింగుకి ఇచ్చేటప్పుడు "కొట్టండి" అని వదిలి రాకూడదు. లేతు షాపులో మూడు మాటలు చెప్పాలి. ఏ గ్యాస్కెట్ వేయబోతున్నారో: "దీనికి స్టీలు గ్యాస్కెట్, ఫినిషింగ్ నున్నగా రావాలి." ఎంత తీయాలో: వంపు పోయేంత మాత్రమే, చివరి కోత అతి పలచగా, టేబుల్ నెమ్మదిగా నడిపి. మొత్తం ఎంత తీశారో అంకె చెప్పమని. తిరిగి ఇచ్చాక గోరు మొనతో అడ్డంగా గీయండి. గోరు టకటకమని తగిలితే ఎంఎల్ఎస్‌కి ఆ ఫినిషింగ్ చాలదు, వెనక్కి ఇచ్చేయొచ్చు. గోటి పరీక్ష పైపై అంచనాయే. గరుకుదనం నమూనా పలక ఉన్న షాపు దొరికితే దాంతో పోల్చుకోవడం మేలు. గాజు పలక మీద ఎమెరీ కాగితం పరిచి హెడ్డును చేత్తో రుద్దడం వద్దు. అంచులు గుండ్రంగా అరిగిపోతాయి. ఆ పద్ధతి థర్మోస్టాట్ మూత లాంటి చిన్న భాగాలకే.

ఇలా హెడ్డు గీయించాక, అంటే ఫేసింగ్ అయ్యాక, కంప్రెషన్ పెరుగుతుంది, టైమింగ్ కూడా కాస్త జరుగుతుంది. చాలా డీజిల్ ఇంజిన్లకు కంపెనీలు హెడ్డు గీయడానికి అసలు ఒప్పుకోవు, మాన్యువల్ చూడకుండా మిషను ఎక్కించొద్దు.

డీజిల్‌కి మందం ఎంచుకోవడం

డీజిల్ హెడ్ గ్యాస్కెట్ ఒకే కారుకి రెండు మూడు మందాల్లో వస్తుంది. అంచున బయటికి పొడుచుకొచ్చిన భాగంలో గాట్లో, రంధ్రాలో ఉంటాయి. వాటి సంఖ్యే గ్రేడు. చాలామంది పాతదాని గాట్లు లెక్కపెట్టి అదే తెచ్చుకుంటారు. పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు, బ్లాకు ముఖం ఏవీ కదపకపోతే అది సరిపోతుంది. పిస్టన్లు మార్చినా, బ్లాకు గీయించినా మళ్ళీ కొలవాల్సిందే.

డయల్ గేజిని బ్లాకు ముఖం మీద సున్నా చేయండి. పిస్టన్‌ని పై చావుబిందువుకి, అంటే అది చేరే అన్నిటికన్నా పై చోటుకి, తెచ్చి, దాన్ని కనెక్టింగ్ రాడ్‌కి కలిపే పిన్ను దిశలో రెండు చోట్ల దాని తల ఎంత పైకి వచ్చిందో చదివి సగటు తీయండి. పిన్నుకి అడ్డంగా కొలిస్తే పిస్టన్ ఊగి తప్పు అంకె వస్తుంది. అన్ని సిలిండర్లలో వచ్చిన పెద్ద అంకెను మాన్యువల్ పట్టికలో చూసి గ్రేడు తీసుకోవాలి. పలచటిది వేస్తే పిస్టన్ హెడ్డుకి, వాల్వులకి తగిలే ప్రమాదం. మందంది వేస్తే కంప్రెషన్ తగ్గి, చలికాలం పొద్దున్న స్టార్టింగ్ కష్టమై తెల్ల పొగ వస్తుంది. ఆ తెల్ల పొగ చూసి గ్యాస్కెట్ మళ్ళీ పోయిందనుకుని ఇంకోసారి హెడ్డు దించేవాళ్ళున్నారు.

మిగతా జాయింట్లు

టాపెట్ కవర్, అంటే హెడ్డు పైన ఉండే మూత, దగ్గర పీడనం దాదాపు లేదు, ఉన్నది వేడి ఆయిల్. పాత ఇంజిన్లలో కార్కు, కార్కు-రబ్బరు ఉండేవి. కార్కు ఎండి కుంచించుకుపోతుంది. మన ఎండలకు దుకాణంలో వేలాడుతూనే సగం ఎండిపోతుంది. వంచితే పెళుసుగా విరిగేది కొనొద్దు. మామూలు నైట్రైల్ రబ్బరు ఆయిల్‌కి మంచిదే కానీ నిలకడగా 100 డిగ్రీలు దాటితే క్రమంగా గట్టిపడి ప్లాస్టిక్కులా అవుతుంది. ఏసీఎం (అక్రిలిక్) రబ్బరు 150 దాకా, సిలికాన్ రబ్బరు 200 దాకా ఓర్చుకుంటాయి. టర్బో ఉన్న ఇంజిన్‌కి, టాపెట్ కవర్ పక్కనే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (హెడ్డు నుంచి పొగ బయటికి వెళ్ళే గొట్టాలు) ఉన్న ఇంజిన్‌కి ఈ రెండింటిలో ఒకటి తీసుకోండి. ఇక్కడ లీకుకి తరచూ కారణం అతి బిగింపు. చాలా చిన్న కార్లలో ఈ బోల్టులకు కావాల్సిన బిగింపు 8 నుంచి 11 న్యూటన్ మీటర్లే. లీకయింది కదా అని ఇంకో అరచుట్టు తిప్పితే కవర్ వంగుతుంది, లీకు ముదురుతుంది.

కూలెంట్ జాయింట్లలో ఓ-రింగు ఎక్కువగా ఈపీడీఎం రబ్బరుది. వేడి నీళ్ళకి, గ్లైకాల్‌కి ఇంతకంటే మంచిది లేదు. కానీ ఆయిల్ తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. ఎక్కించేటప్పుడు జారడానికి గ్రీజు, ఆయిల్ రాయడం ఇక్కడ పెద్ద పొరపాటు, కూలెంటే రాయండి. వాటర్ పంపుకి కాగితం ప్యాకింగ్ వస్తే పొడిగానే, లేదా పలచటి సీలెంట్ పూతతో వేయొచ్చు. సీలెంట్ గడ్డలుగా పిండితే లోపల రాలి రేడియేటర్ గొట్టాల్లో ఇరుక్కుంటుంది.

పెట్రోలు తగిలే చోట సిలికాన్ ఏ రూపంలోనూ వద్దు, ఉబ్బి ఊడిపోతుంది. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20 పెట్రోలు. 2023 ఏప్రిల్ నుంచి తయారైన కార్లలో రబ్బరు భాగాలు దీనికి తగినవే. అంతకు ముందటి కారుకి ఇంజెక్టర్ ఓ-రింగులు, పంపు సీలు మార్చేటప్పుడు ఎఫ్‌కేఎం, అంటే వైటన్ రకమే అడగండి. కొన్న ఓ-రింగు మీద అనుమానముంటే ఒకటి సీసాలో పెట్రోలు పోసి మూతపెట్టి ఒక రోజు నానబెట్టండి. పొడిదాని పక్కన పెడితే కంటికే తెలిసేంత ఉబ్బితే దాన్ని వాడొద్దు. రబ్బరు రకం తెలుసుకోవడానికి కాల్చి చూసే అలవాటు మానండి: వైటన్ కాలితే వచ్చే ఆవిరి చాలా ప్రమాదకరం.

ఇంజిన్ లోపలికి గాలి వెళ్ళే ఇంటేక్ మానిఫోల్డ్ లీకయితే బయటికి చుక్క రాదు, లోపలికి గాలి లాక్కుంటుంది. ఐడిల్ ఎగిరిపడటం, స్కానర్లో లీన్ మిక్చర్ (గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ) కోడ్ దీని గుర్తులు. ప్లాస్టిక్ మానిఫోల్డుకి గాడిలో కూర్చునే అచ్చు రబ్బరు సీలే వాడాలి. షీటు కోసి పెట్టిన ప్యాకింగ్ పనికిరాదు.

ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ దగ్గర రబ్బరు మాటే లేదు. పెట్రోలు కారులో పొగ వేడి 800 డిగ్రీలు దాటగలదు. ఇక్కడ పొరల స్టీలు, లేదా మైకా పొరున్న స్టీలు. గ్రాఫైట్ మంచిదే కానీ గాలి తగిలే చోట 450 డిగ్రీల పైన మెల్లగా కాలి తరిగిపోతుంది; అందుకే దాన్ని మానిఫోల్డ్ మీద కన్నా కింద, సైలెన్సర్ పైపు ఊగే జాయింటులో గుండ్రటి రింగుగా స్టీలు జాలీతో కలిపి వాడతారు. సీలెంట్ ట్యూబు మీద 300 డిగ్రీలని రాసున్నా మానిఫోల్డ్ మీద అది మాడిపోయేదే.

షీటు కొని చేత్తో కోసేవాళ్ళకి ఒక హెచ్చరిక. ప్యాకింగ్ మందం కొన్ని చోట్ల కేవలం లీకు ఆపడానికి కాదు, సందు కొలతకి. ఆయిల్ పంపు మూత కింద 0.25 మిల్లీమీటరు కాగితం బదులు 0.5 వేస్తే గేర్ల పక్క సందు పెరిగి ఆయిల్ ప్రెషర్ పడిపోతుంది. అలాంటి చోట మైక్రోమీటరుతో పాతదాన్ని నలగని అంచు దగ్గర కొలిచి అదే మందం తేవాలి. కోసేటప్పుడు షీటుని అల్యూమినియం అంచు మీద పెట్టి సుత్తితో కొట్టి అచ్చు తీయొద్దు, అంచు చితుకుతుంది. కాగితం మీద అచ్చు తీసి, పంచితో రంధ్రాలు, కత్తెరతో అంచు. షీటు అడిగేటప్పుడు "నాన్ ఆస్బెస్టాస్" అని చెప్పి తీసుకోండి. పాత లారీ, ట్రాక్టర్ ఇంజిన్లలో కనిపించే బూడిద రంగు పీచు ప్యాకింగులో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. దాన్ని పొడిగా గీకకూడదు, గాలి కొట్టకూడదు. నీళ్ళతో తడిపి, మాస్కు పెట్టుకుని తీసి, కవర్లో కట్టేయాలి.

ట్యూబు సీలెంట్ ఎక్కడ, ఎంత

మన మెకానిక్కులు అనాబాండ్ అని పిలిచే సిలికాన్ సీలెంట్ చాంబర్‌కి, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే ఆయిల్ సంప్‌కి, టైమింగ్ కవర్ మూలలకి సరైనది. ఇప్పటి చాలా కార్లలో చాంబర్‌కి విడిగా ప్యాకింగే రాదు, ఇదే ప్యాకింగ్. రంగు చూసి కొనొద్దు, ఏ రంగు ఏ వేడికి అనేది కంపెనీని బట్టి మారుతుంది. ట్యూబు మీద ఆయిల్‌కి తగినదని, సెన్సర్లకి హాని చేయదని రాసున్నది తీసుకోండి. అద్దాలకి, బాత్రూం అంచులకి వాడే సిలికాన్ ఆరేటప్పుడు ఘాటైన పుల్లటి వాసన వస్తుంది. ఆ ఆమ్లం అల్యూమినియంని తింటుంది. ఇంజిన్‌కి అది వద్దు.

ముఖం మీద నూనె చెమ్మ లేకుండా తుడిచి, 3 మిల్లీమీటర్ల తీగలా, తెగకుండా, బోల్టు రంధ్రాలకి లోపలి వైపుగా గీయాలి. ఎక్కువ రాస్తే బయటికి ఎంత పిండుకొస్తుందో లోపలికీ అంతే. లోపలి ముక్క ఊడి ఆయిల్ జల్లెడకి అడ్డుపడితే ఇంజిన్ సీజవుతుంది. ఈ సీలెంట్ గాలిలో తేమతో గట్టిపడుతుంది. కృష్ణ ఒడ్డున ఉక్కపోత రోజుల్లో పైపొర తొందరగా కడుతుంది. కాబట్టి చాంబర్, బోల్టులు, రెంచి అన్నీ చేతికి అందేలా పెట్టుకున్నాకే ట్యూబు విప్పండి, ఐదు నిమిషాల్లో బిగించేయండి. ఆయిల్ పోయడానికి ట్యూబు మీద రాసినంత సేపు ఆగండి. పూర్తిగా ఆరడానికి 24 గంటలు పడుతుంది.

రెండు గట్టి మెటల్ ముఖాలు సందు లేకుండా కలిసే చోట, గేరుబాక్సు కేసింగు లాంటి వాటికి, లాక్‌టైట్ 515, 518 లాంటి గాలి అందకపోతే గట్టిపడే రకం మేలు. అది బయట పిండుకున్నంత మేర గట్టిపడదు, తుడిస్తే పోతుంది.

హెడ్ గ్యాస్కెట్ మీద మాత్రం ఏదీ రాయొద్దు. సిల్వర్ పెయింటు, షెల్లాక్, గ్రీజు, సిలికాన్, ఏదైనా సరే. పూతున్న ఎంఎల్ఎస్ పొడిగా కూర్చోవడానికే తయారైంది. పైన రాసింది జారుడు కల్పిస్తుంది, పూతని కరిగిస్తుంది, గట్టు పూర్తిగా నలగకుండా అడ్డుపడుతుంది. ఒక్క మినహాయింపు: టైమింగ్ కవర్, బ్లాకు, హెడ్డు మూడూ కలిసే మూలలో చుక్కంత సిలికాన్ పెట్టమని మాన్యువల్ చెబితే ఆ చుక్క వరకే.

కొనేటప్పుడు, బిగించేటప్పుడు

ఇంజిన్ నంబరు, తయారైన ఏడాది చెప్పి కొనండి. మోడల్ పేరొక్కటే చాలదు. డబ్బా మీద పార్టు నంబరు, ఎంఆర్పీ, తయారీ నెల ఉండాలి. డబ్బా విప్పి గట్లు నలగలేదని, మడత లేదని చూడండి. మడత పడ్డ ఎంఎల్ఎస్‌ని చేత్తో సరిచేసినా అది పనికిరాదు. బండి మీద తెచ్చేటప్పుడు రెండు అట్టల మధ్య పెట్టి కట్టుకోండి, చుట్ట చుట్టొద్దు.

ఇంటికి తెచ్చాక బ్లాకు మీద పరిచి ప్రతి రంధ్రం చూడండి. ఆయిల్ రంధ్రం మూసుకుపోతే గ్యాస్కెట్ తిరగబడిందనో, మోడల్ తప్పనో అర్థం. నీళ్ళ రంధ్రాలు కొన్ని బ్లాకు రంధ్రం కన్నా చిన్నవిగా ఉంటాయి. అది తయారీ లోపం కాదు. నీళ్ళు చివరి సిలిండర్ దాకా సమంగా తిరగడానికి అలా కొలిచి పెట్టారు. వాటిని డ్రిల్లుతో పెద్దవి చేస్తే నీళ్ళు దగ్గరి దారి పట్టి చివరి సిలిండర్ హీటవుతుంది.

బ్లాకులో బోల్టు రంధ్రాల అడుగున ఆయిల్, నీళ్ళు నిలిచి ఉంటే గుడ్డ కప్పి గాలితో ఊదేయండి. ద్రవం మీద బోల్టు బిగిస్తే అది ఎటూ పోలేక బ్లాకునే పగలగొట్టగలదు. మరలు శుభ్రానికి కొత్త ట్యాపు (మరలు కోసే పనిముట్టు) దించొద్దు, లోహం కోసేస్తుంది. పాత బోల్టుకి నిలువునా రెండు గాడులు కోసి దాన్నే తిప్పితే మురికి వచ్చేస్తుంది.

బోల్టులు డిగ్రీల్లో తిప్పే రకమైతే, అంటే మాన్యువల్లో ముందు ఇన్ని న్యూటన్ మీటర్లు, తర్వాత 90 డిగ్రీలు, మళ్ళీ 90 అని ఉంటే, అవి సాగే బోల్టులు. పొడవు హద్దు ఇచ్చి ఉంటే కొలవండి, లేకుంటే కొత్తవి వేయండి. సాగిన బోల్టు చేతికి బిగిసినట్టే అనిపిస్తుంది, గ్యాస్కెట్‌ని మాత్రం నొక్కదు. మరలకి, తల కిందకి పలచగా ఇంజిన్ ఆయిల్ రాసి, మధ్య నుంచి చివర్లకు, విడతలుగా బిగించాలి. బిగింపు కొలిచి చూపే టార్క్ రెంచి లేకుండా అరచేతి అంచనాతో హెడ్డు బిగించడం ఒప్పుకోవద్దు.

మూసేముందు హీటయిన కారణం వెతకండి, లేదంటే కొత్త గ్యాస్కెట్ కూడా అదే దారిన పోతుంది. రేడియేటర్ లోపల పేరుకున్న తెల్లటి పొర, పనిచేయని ఫ్యాను రిలే, ప్రెషర్ పట్టని మూత చూడండి. కూలెంట్ వేడిని బట్టి తెరుచుకునే థర్మోస్టాట్ వాల్వ్ తీసి పారేసి ఉంటే కొత్తది పెట్టించండి. "వాల్వ్ తీసేస్తే చల్లగా ఉంటుంది" అనేది అన్ని ఇంజిన్లకీ నిజం కాదు. బైపాస్ దారిని కూడా ఆ వాల్వే మూసే ఇంజిన్లలో, అది లేకపోతే వేడి నీళ్ళు రేడియేటర్‌కి వెళ్ళకుండానే తిరిగొస్తాయి. రోహిణి కార్తెలో 45 డిగ్రీల ఎండలో ఏసీ వేసుకుని వారధి మీద ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఆ సంగతి బయటపడుతుంది.

కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ చెరిసగం కలిపి పోసి, గాలి తీసే మర ఉంటే విప్పి, హీటర్‌ని ఫుల్ వేడిలో పెట్టి స్టార్ట్ చేయండి. ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఐడిల్‌లో ఉంచి ఆపండి. రాత్రంతా చల్లారాక పొద్దున్నే మూత విప్పి మట్టం చూసి తగ్గినంత కలపండి. మొదటి చల్లారింపులో కాస్త తగ్గడం లోపల చిక్కుకున్న గాలి వల్లే. మూడో రోజు, వారం తర్వాత కూడా తగ్గుతూనే ఉంటే, చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన వెంటనే రేడియేటర్ మూత దగ్గర ఆగకుండా బుడగలు వస్తుంటే, ఇంకో గ్యాస్కెట్ కొనకముందు బ్లాకు ముఖం మళ్ళీ కొలవండి. ఎంఎల్ఎస్‌కి బోల్టులు మళ్ళీ బిగించాల్సిన పనిలేదు. కాంపోజిట్‌కి మాత్రం డబ్బాలో కాగితం మీద రీ-టార్క్ చేయమని రాసుంటే ఎన్ని కిలోమీటర్లకి, వేడి మీదా చల్లారాకా అన్నది చూసి అలాగే చేయాలి.